హైడ్రోజన్ డ్రమ్ శాంప్లర్: ఉచితమే, కానీ ఎవరికి పనికొస్తుంది?

ఇంట్లో కూర్చుని పాటలు చేసుకునేవాళ్లలో చాలామంది డ్రమ్స్ దగ్గరే చేతులెత్తేస్తారు. గొంతుకి ఒక మైకు చాలు, గిటార్‌కి ఒక కేబుల్ చాలు, కానీ డ్రమ్ సెట్ అంటే గది కావాలి, ఎనిమిదో పదో మైకులు కావాలి, వాయించే మనిషి కావాలి, అన్నిటికీ మించి గోడ అవతలి వాళ్లకి ఓపిక కావాలి. అందుకే చివరికి అందరం శాంప్లర్ దగ్గరికే వస్తాం. ఎవరో మంచి గదిలో మంచి డ్రమ్‌ని ఒక్కో దెబ్బా కొట్టి రికార్డు చేసి పెడతారు, ఆ రికార్డింగులే శాంపిల్స్. ఏ దెబ్బ ఎప్పుడు, ఎంత గట్టిగా పడాలో మనం చెప్తే సాఫ్ట్‌వేర్ దాన్ని వాయిస్తుంది. 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్ఎమ్-1 డ్రమ్ మెషిన్ చేసింది కూడా ఇదే, కాకపోతే అప్పట్లో మెమరీ చిప్‌ల ఖర్చు భరించలేక అందులో క్రాష్, రైడ్ అనే సింబల్స్ (పెద్ద రేకులు) అసలు పెట్టనే లేదు. ఇప్పుడు మన బాధ దానికి రివర్స్. గిగాబైట్ల కొద్దీ శాంపిల్స్ ఉంటాయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

నన్ను అడిగితే హైడ్రోజన్‌తో మొదలుపెట్టమంటాను. అన్నిటికంటే గొప్పదని కాదు. కాదు కూడా. కానీ డ్రమ్ శాంప్లర్ అనేది లోపల ఎలా పనిచేస్తుందో ఏదీ దాచకుండా చూపించే ప్రోగ్రామ్ ఇది. ఇక్కడ నేర్చుకున్నది రేపు డబ్బు పెట్టి ఏది కొన్నా అక్కరకొస్తుంది.

అలెస్సాండ్రో కోమిను అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టగా తర్వాత చాలామంది చేతులు పడ్డ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది, జీపీఎల్ లైసెన్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. ట్రయల్ గడువు లేదు, ఈమెయిల్ ఇస్తేనే డౌన్‌లోడ్ అనే గొడవ లేదు. జీపీఎల్ అంటే మన పాట కూడా అందరికీ ఫ్రీగా ఇచ్చేయాలేమో అని కొందరికి టెన్షన్. అక్కర్లేదు, ఆ లైసెన్స్ ప్రోగ్రామ్ కోడ్‌కి మాత్రమే. దాంతో చేసిన పాట మీదే. కిట్‌లలోని (కిట్ అంటే ఒక డ్రమ్ సెట్‌కి సరిపడా శాంపిల్స్ మూట) శాంపిల్స్ సంగతి మాత్రం వేరు, వాటికి విడిగా లైసెన్స్ ఉంటుంది, కొన్ని వ్యాపారానికి వాడకూడదని కూడా ఉంటాయి. పాట బయటికి వదిలేముందు కిట్ ప్రాపర్టీస్‌లో ఏం రాసుందో ఒకసారి చూసుకోండి.

తెరవగానే పైన సాంగ్ ఎడిటర్, కింద ప్యాటర్న్ ఎడిటర్, కుడివైపు వాయిద్యాల సెట్టింగులు, పక్కన మిక్సర్ కనిపిస్తాయి. అందంగా ఉంటుందని చెప్పను, ఎప్పుడో పదేళ్ల కిందటి సాఫ్ట్‌వేర్ తెరిచినట్టే ఉంటుంది, చిన్న స్క్రీన్ ల్యాప్‌టాప్‌లో అక్షరాలకి కళ్లు చికిలించాల్సిందే. కానీ పని జరిగే చోటు ఒక్కటే, అది ప్యాటర్న్ ఎడిటర్. ఎడమవైపు వాయిద్యాల పేర్లు వరుసగా ఉంటాయి, వాటికి ఎదురుగా గళ్లు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) వరుసలో ఒకటి, మూడు బీట్ల మీద క్లిక్ చేయండి, స్నేర్ (పుల్లతో కొట్టే చిన్న డ్రమ్)లో రెండు, నాలుగు, మూసిన హై-హ్యాట్ (ఒకదానిమీద ఒకటి ఆనే జంట రేకులు)లో గడి విడిచి గడి. స్పేస్‌బార్ నొక్కండి. బీట్ వచ్చేసింది. గళ్లు మరీ దూరంగా ఉన్నాయనిపిస్తే రిజల్యూషన్ 32కో 64కో మార్చుకోవచ్చు, తిశ్ర నడక కావాలంటే ట్రిప్లెట్ రిజల్యూషన్లు విడిగా ఉన్నాయి. ప్యాటర్న్ సైజు నాలుగు బీట్లే ఉండాలని కూడా లేదు, 5/8, 7/8 అని ఇచ్చేస్తే ఖండ చాపు, మిశ్ర చాపు చక్కగా కూర్చుంటాయి. చాలా డ్రమ్ మెషిన్లు పదహారు గళ్ల చట్రం దాటి రానివ్వవు కాబట్టి ఇది నాకు బాగా నచ్చిన సంగతి.

అయితే అలా పెట్టిన బీట్ ప్లే చేసి చూస్తే తాళం తప్పదు గానీ ప్రాణం ఉండదు. హై-హ్యాట్ అయితే కుట్టుమిషన్ నడిచినట్టే ఉంటుంది. చాలామంది ఇక్కడే కిట్‌ని తిట్టుకుని, ఇంకో కిట్ దించుకుని, అదీ అలాగే ఉందని ఇంకోటి దించుకుని, హార్డ్ డిస్క్ నింపుకుంటూ పోతారు. తప్పు కిట్‌ది కాదు. హైడ్రోజన్‌లో కొత్తగా పెట్టిన ప్రతి నోటూ 0.8 వెలాసిటీతోనే పడుతుంది. అంటే ప్రతి దెబ్బా ఒకే బలంతో. చేత్తో వాయించే మనిషికి అది సాధ్యమే కాదు.

ప్యాటర్న్ ఎడిటర్ కింద ఒక పట్టీ ఉంటుంది, అందులో ప్రతి నోటుకీ ఒక నిలువు గీత. ఆ గీత ఎత్తే వెలాసిటీ. నా దృష్టిలో మొత్తం ప్రోగ్రామ్‌లో విలువైన జాగా ఇదే, మొదటి వారమంతా ఇక్కడే గడిపినా నష్టం లేదు. హై-హ్యాట్ ఎంచుకుని బీట్ మీద పడే నోట్లని 0.8 దగ్గర వదిలేసి, రెండు బీట్ల మధ్యలో పడేవాటిని 0.5కో 0.45కో దించండి. అన్నీ సరిగ్గా ఒకే ఎత్తుకి కాదు, ఒకటి 0.48, ఒకటి 0.53, అలా. ఇప్పుడు వినండి. శాంపిల్ మారలేదు, కిట్ మారలేదు, కానీ హ్యాట్ ఊగడం మొదలవుతుంది. తర్వాత స్నేర్‌లో రెండో బీట్ దాటాక ఒకటి రెండు పదహారో వంతు నోట్లు 0.2 దగ్గర పెట్టి చూడండి. వీటిని ఘోస్ట్ నోట్స్ అంటారు, పాటలో విడిగా వినపడవు, తీసేస్తే మాత్రం ఏదో తగ్గిందని చెవికి తెలిసిపోతుంది.

వెలాసిటీ తగ్గిస్తే సౌండ్ తగ్గడం ఒక్కటే జరిగితే దాని కోసం ఇంత చెప్పక్కర్లేదు. నిజమైన స్నేర్‌ని మెల్లగా తాకితే వచ్చే శబ్దం వేరు, గట్టిగా కొడితే వచ్చేది వేరు, రెండోదాని వాల్యూమ్ తగ్గించినంత మాత్రాన మొదటిది అవదు. అందుకే మంచి కిట్‌లలో ఒకే డ్రమ్‌ని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా ఇలా చాలాసార్లు కొట్టి రికార్డు చేసి లేయర్లుగా పెడతారు. ఇన్‌స్ట్రుమెంట్ ఎడిటర్‌లో లేయర్స్ అని నొక్కితే ఆ శాంపిల్స్ అన్నీ ఒకదాని కింద ఒకటి పట్టీల్లా కనిపిస్తాయి, ఏ పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగితే ఆ వెలాసిటీ మధ్య ఆ శాంపిల్ మోగుతుంది. పట్టీ అంచు పట్టుకుని లాగితే హద్దు జరుగుతుంది. ఒక్కో వాయిద్యానికి 16 లేయర్ల దాకా పెట్టుకోవచ్చు. ఒకే బలంతో కొట్టిన రెండు మూడు శాంపిల్స్‌ని ఒకే హద్దులో పెట్టి, సెలక్షన్‌ని రౌండ్ రాబిన్‌కి మారిస్తే వాటిని వంతులవారీగా వాయిస్తుంది, వరుసగా పడే దెబ్బలు అచ్చు గుద్దినట్టు ఉండవు. డబ్బు పెట్టి కొనే పెద్ద డ్రమ్ లైబ్రరీల్లో లోపల జరిగేది కూడా ఇదే, కాకపోతే అక్కడ అందమైన డ్రమ్ సెట్ బొమ్మ వెనక దాగి ఉంటుంది.

మ్యూట్ గ్రూప్ గురించి ఒక్క మాట. తెరిచిన హై-హ్యాట్ మోగుతుండగా మూసిన హ్యాట్ పడితే మొదటిది వెంటనే ఆగాలి, ఎందుకంటే నిజంగా ఉన్నవి అవే రెండు రేకులు. రెండింటికీ ఒకే మ్యూట్ గ్రూప్ నంబర్ ఇస్తే సరి. బయట దించుకున్న కిట్‌లలో ఇది సెట్ చేసి లేకపోతే హ్యాట్లు ఒకదానిమీద ఒకటి మోగుతూ గోలగోలగా ఉంటుంది, కారణం ఏమిటో చాలాసేపు అంతుపట్టదు.

మిక్సర్‌లో మాస్టర్ దగ్గర హ్యూమనైజ్ అని మూడు నాబ్‌లు ఉన్నాయి: వెలాసిటీ, టైమింగ్, స్వింగ్. పేరు చూసి వీటిని సగం దాకా తిప్పేయాలనిపిస్తుంది. వద్దు. మొదటి రెండూ చేసేది నోట్లని లెక్కాపత్రం లేకుండా అటూ ఇటూ కదపడం. మంచి డ్రమ్మర్ అలా వాయించడు, అతని స్నేర్ కాస్త వెనక పడిందంటే పాటంతా ఆ కాస్తే వెనక పడుతుంది. నాబ్‌ని కొద్దిగా మాత్రం తిప్పి, అసలు పని చేత్తో చేయండి. వెలాసిటీ పట్టీనే లీడ్-ల్యాగ్‌కి మారిస్తే ఏ నోటు ముందుకి, ఏది వెనక్కి అని గీసుకోవచ్చు. స్నేర్‌ని రెండు, నాలుగు మీద ఇసుమంత వెనక్కి లాగితే నెమ్మది పాటకి భలే బరువొస్తుంది. మధ్యలో పడే నోట్లని కాస్త వెనక్కి జరిపి ఊపు తెచ్చే స్వింగ్ నాబ్ మాత్రం నిజంగా పనికొచ్చేదే.

ఇక ఆడియో సెట్టింగులు. మౌస్‌తో గళ్లు నింపేవాళ్లకి ఇది పెద్ద సమస్య కాదు, కీబోర్డ్ మీదో వేళ్లతో కొట్టే ప్యాడ్స్ మీదో లైవ్‌గా వాయించాలనుకుంటేనే తలనొప్పి. బఫర్ (కంప్యూటర్ ఒక్కసారి పోగుచేసి పంపే శబ్దం ముక్క) 1024 శాంపిల్స్ ఉందనుకోండి (ఇక్కడ శాంపిల్ అంటే డ్రమ్ రికార్డింగ్ కాదు, శబ్దం తాలూకు ఒక్కో కొలత), 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర అదొక్కటే 23 మిల్లీసెకన్లు, నొక్కిన తర్వాత శబ్దం రావడంలో ఆలస్యం వేలికి తెలుస్తుంది. 256కి దించితే దాదాపు 6, 128కి దించితే 3. మరీ తగ్గిస్తే ప్రాసెసర్ అందుకోలేక చిటపటలు వస్తాయి కాబట్టి చిటపటలు మొదలైన చోటునుంచి ఒక మెట్టు పైకి వెళ్లి ఆగిపోండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మాత్రం ఈ లెక్కలేవీ వేయకండి, వాటి ఆలస్యం ముందు బఫర్ ఆలస్యం ఏ మూలకీ రాదు. వైరు ఉన్నవి వాడండి.

ప్యాడ్స్ కొనాలా అంటే ఇప్పుడే వద్దు. కంప్యూటర్ కీబోర్డే డ్రమ్స్‌లా పనిచేస్తుంది, జెడ్ నొక్కితే కిక్, ఎక్స్ నొక్కితే స్నేర్. బలం తేడా మాత్రం రాదు, అన్నీ ఒకే వెలాసిటీతో పడతాయి, తర్వాత పట్టీలో సరిచేసుకోవాలి. అయినా సరే, వేళ్లతో వాయించి రికార్డు చేసిన బీట్‌లో గళ్లు చూసి పెట్టిన బీట్‌లో లేని సంగతులు కొన్ని వస్తాయి, ఒకసారి ప్రయత్నించండి.

సొంత కిట్ చేసుకోవడం కూడా ఇందులో తేలికే. చప్పట్లు, బల్ల మీద వేళ్ల దెబ్బ, తాళాల గుత్తి, ఏదైనా ఫోన్‌తో రికార్డు చేసి వేవ్ ఫైల్‌గా మార్చి లేయర్‌లో లోడ్ చేయడమే. ఒక్కటి మర్చిపోవద్దు, ఫైల్ మొదట్లో ఉన్న నిశ్శబ్దాన్ని పూర్తిగా కత్తిరించాలి. 20 మిల్లీసెకన్ల ఖాళీ ఉందంటే ఆ వాయిద్యం ప్రతిసారీ 20 మిల్లీసెకన్లు ఆలస్యంగానే మోగుతుంది, గ్రిడ్‌లో చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది, వింటే తాళం జారినట్టుంటుంది. పిచ్చెక్కిపోతుంది. తోక మాత్రం కత్తిరించకండి, మెల్లగా తగ్గిపోయేలా ఫేడ్ ఇవ్వండి, లేకపోతే చివర్లో టిక్కుమంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. హైడ్రోజన్ ప్లగిన్ (వేరే సాఫ్ట్‌వేర్ లోపల నడిచే ప్రోగ్రామ్) కాదు. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ మీద వేసుకుని, గొంతు వింటూ బీట్ మార్చుకుందామంటే కుదరదు, ఇది విడిగా నడిచే ప్రోగ్రామ్. లినక్స్‌లో జాక్ అనే, ప్రోగ్రామ్‌ల మధ్య ఆడియోని కలిపే సాఫ్ట్‌వేర్‌తో రెండింటినీ కలిపి నడిపించవచ్చు, అలవాటైతే అది బాగానే ఉంటుంది. మిగతావాళ్లకి తేలికైన దారి ఇది: బీట్ పూర్తిచేసి, వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి అటు తీసుకెళ్లడం. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఒకే ఫైల్‌గా కాకుండా విడివిడి ట్రాకులుగా అని ఎంచుకోండి, అప్పుడు కిక్, స్నేర్, హ్యాట్ వేరువేరుగా వస్తాయి, ఈక్యూ, కంప్రెషన్ లాంటి శబ్దం సరిచేసే పనులు అక్కడ చేసుకోవచ్చు. ఇందులోని మిక్సర్‌లో లెవెల్స్ చూసుకోవడం వరకే, ఎఫెక్టులు ల్యాడ్స్‌పా అనే ప్లగిన్ రకానివి మాత్రమే తీసుకుంటుంది, మిక్సింగ్ పని ఇక్కడ పెట్టుకోవద్దు. పాట సగంలో టెంపో మార్చాలనిపిస్తే మళ్లీ ఇక్కడికి రావాలి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. రోజూ పాటలు చేసేవాళ్లకి ఇది చిర్రెత్తుకొచ్చే వ్యవహారం, ఇందులో వాదనేం లేదు.

దీనికి సగం విరుగుడు మిడీ ఎక్స్‌పోర్ట్. మిడీ ఫైల్‌లో శబ్దం ఉండదు, ఏ నోటు ఎప్పుడు, ఎంత బలంతో పడాలన్నదే ఉంటుంది. ప్యాటర్న్ ఇక్కడ రాసుకుని మిడీ ఫైల్‌గా తీసి వేరే డ్రమ్ ప్లగిన్‌కి ఇస్తే అది తన శబ్దాలతో వాయిస్తుంది. అందుకు నోట్ నంబర్లు కలవాలి. జనరల్ మిడీ పద్ధతిలో కిక్ 36, స్నేర్ 38, మూసిన హ్యాట్ 42, తెరిచిన హ్యాట్ 46, క్రాష్ 49, రైడ్ 51. చాలా సాఫ్ట్‌వేర్లు వీటినే పాటిస్తాయి, పాటించని కిట్ తగిలిందంటే స్నేర్ పడాల్సిన చోట టామ్ (సెట్‌లోని ఇంకో డ్రమ్) మోగుతుంది. అప్పుడు కంగారు పడకుండా ఇన్‌స్ట్రుమెంట్ ఎడిటర్‌లో మిడీ అవుట్ నోట్ మార్చుకుంటే సరిపోతుంది.

ప్లగిన్ లేకుండా కుదరదనుకునేవాళ్లు డీకంపోజర్ వాళ్ల సిటాలా చూడండి. మొదటి వెర్షన్ ఉచితం, పదహారు ప్యాడ్‌లు, ఒక్కో ప్యాడ్‌కి ఆరే నాబ్‌లు, శాంపిల్‌ని లాక్కొచ్చి ప్యాడ్ మీద పడేస్తే పని అయిపోతుంది. పదహారు ప్యాడ్‌ల ఆ అమరిక 1988 నాటి అకాయ్ ఎమ్‌పీసీ60తో పాతుకుపోయింది, హిప్-హాప్ చేసేవాళ్ల వేళ్లకి అది బాగా అలవాటు. హిప్-హాప్, ఎలక్ట్రానిక్ బీట్స్ చేసేవాళ్లు నేరుగా దీనికే వెళ్లిపోయినా తప్పులేదు, ఆ సంగీతంలో ప్రతి దెబ్బా ఒకేలా ఉండటమే అందం, లేయర్ల అవసరం పెద్దగా రాదు. రాక్ డ్రమ్స్ తయారుగా కావాలి, ప్యాటర్న్‌లు రాసే ఓపిక లేదు అంటే ఎమ్‌టీ పవర్ డ్రమ్ కిట్ ఉచితంగానే దొరుకుతుంది, గ్రూవ్‌లు (తయారుగా ఉన్న బీట్లు) అందులోనే ఉంటాయి, లాగి ట్రాక్ మీద పెట్టుకోవడమే. హైడ్రోజన్‌లో అలా తయారు గ్రూవ్‌ల లైబ్రరీ ఆశించకండి.

ఇంకో సంగతి, మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికే ఉన్న డ్రమ్ శాంప్లర్‌ని వెతకండి. ఎఫ్‌ఎల్ స్టూడియోలో ఎఫ్‌పీసీ ఉంది, ఏబుల్టన్‌లో డ్రమ్ ర్యాక్, రీపర్‌లో రీశాంప్లోమాటిక్5000 అనే నోరు తిరగని పేరుది ఒకటి ఉంది, గ్యారేజ్‌బ్యాండ్‌లో అయితే డ్రమ్మరే కూర్చుని ఉంటాడు. వీటిలో ఏదైనా ఇప్పటికే హాయిగా వాడుతున్నవాళ్లు హైడ్రోజన్ కోసం పని ఆపుకోవాల్సిన అవసరం లేదు.

సహజంగా ఒక గదిలో డ్రమ్ సెట్ మోగినట్టే ఉండాలనుకునేవాళ్లకి కూడా ఇది అంతగా ఆనదు. నిజమైన రికార్డింగ్‌లో స్నేర్ శబ్దం స్నేర్ మైకులోకే కాదు, కిక్ మైకులోకి, పైన వేలాడే ఓవర్‌హెడ్ మైకుల్లోకి, గది మైకుల్లోకి కూడా పాకుతుంది. ఆ పాకుడే డ్రమ్స్‌ని ఒక్కటిగా కలుపుతుంది. డ్రమ్‌గిజ్మో అనే ఇంకో ఓపెన్ సోర్స్ ప్లగిన్ అచ్చంగా ఈ పని కోసమే పుట్టింది, ఒక్కో దెబ్బకి అన్ని మైకుల రికార్డింగులూ విడిగా ఇస్తుంది. దానికి తగ్గట్టే కిట్‌లు భారీగా ఉంటాయి, మెమరీ తక్కువున్న ల్యాప్‌టాప్ మూలుగుతుంది. హైడ్రోజన్ దగ్గరే ఉండాలనుకుంటే డ్రమ్స్ అన్నిటినీ కలిపి ఒక చిన్న గది రివర్బ్ (గది ప్రతిధ్వనిలాంటి ఎఫెక్ట్)లోకి కొద్దిగా పంపండి, విడివిడిగా ఉన్న ముక్కలు కాస్తయినా దగ్గరవుతాయి.

నా లెక్క ఇది. డ్రమ్ ప్రోగ్రామింగ్ బొత్తిగా తెలియనివాళ్లకి, పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకి, లినక్స్ వాడేవాళ్లకి కళ్లు మూసుకుని హైడ్రోజన్ చెప్తాను. సాధన చేసుకునేటప్పుడు పక్కన తాళం కావాలనుకునే గిటారిస్టులకి కూడా, ఎందుకంటే సాంగ్ ఎడిటర్‌లో పల్లవి, చరణం, బ్రిడ్జ్ ప్యాటర్న్‌లని వరుసగా పేర్చుకుని టెంపో తగ్గించి పెంచుకుంటూ వాయించడానికి ఇంత హాయైనది తక్కువ. వారానికో పాట ముగించాల్సినవాళ్లు ప్లగిన్ వైపే వెళ్లండి.

వాడటం మొదలుపెడితే ఫైళ్ల విషయంలో ఒక జాగ్రత్త. హైడ్రోజన్ పాట ఫైల్‌లో శాంపిల్స్ ఉండవు, అవి ఎక్కడున్నాయో మాత్రమే రాసి ఉంటుంది. కంప్యూటర్ మార్చేటప్పుడో, ఫ్రెండ్‌కి పంపేటప్పుడో పాట ఫైల్ ఒక్కటే కాపీ చేస్తే అవతల గళ్లు కనిపిస్తాయి, శబ్దం రాదు. కిట్‌ని కూడా ఎక్స్‌పోర్ట్ చేసి అదే ఫోల్డర్‌లో పెట్టండి, విడి ట్రాకుల వేవ్ ఫైళ్లు కూడా అక్కడే ఉంచితే ఇంకా మంచిది.